మా అపార్ట్‌మెంట్ ఎస్‌టీపీ నుంచి మురుగునీటి శాంపిల్ తీసుకెళ్లారు. వైరస్ గురించి దీంతో నిజంగా తెలుస్తుందా?

వర్తూరు_వాణి | ఆదివారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మేం బెంగళూరులో వర్తూరు దగ్గర 240 ఫ్లాట్లున్న అపార్ట్‌మెంట్‌లో ఉంటాం. మొన్న మంగళవారం పొద్దున ఏడింటికి ఇద్దరు మనుషులు గ్లౌజులు, మాస్కులు వేసుకుని వచ్చారు. బేస్‌మెంట్‌లో ఎస్‌టీపీ (మురుగునీటిని శుద్ధి చేసే ప్లాంటు) దగ్గర రెండు సీసాల్లో మురుగునీళ్లు పట్టి, ఐస్ బాక్సులో పెట్టుకుని వెళ్లిపోయారు. మధ్యాహ్నానికల్లా వాట్సాప్ గ్రూపులో "మన బిల్డింగ్‌లో ఏదో వైరస్ దొరికిందట" అని మొదలైంది. సాయంత్రం పార్కులో ఒక్క పిల్ల లేదు.

మా ఇంట్లో పనిచేసే ఆమెకు రెండు రోజులుగా జలుబు. ఇంకో రెండు ఇళ్ల వాళ్లు ఆమెను రావద్దన్నారు. ఆమెది కదిరి. భర్త మేస్త్రీ పని చేస్తాడు. మా గేటు వెనక రేకుల షెడ్లలో ఉంటారు. ఆ రెండు ఇళ్ల జీతం పోతే వాళ్లకు నెల గడవదు.

కమిటీని అడిగితే "పరిశోధన కోసమండీ, భయపడేదేం లేదు" అన్నారు తప్ప ఇంకేమీ చెప్పలేదు. నాకు మూడేళ్ల పాప ఉంది. మురుగు చూసి జబ్బు ఎలా చెబుతారు? ఎవరింట్లో ఉందో తెలిసిపోతుందా? ఇంగ్లిష్ వ్యాసాలు చదివితే టెన్షన్ ఇంకా పెరిగింది. తెలిసినవాళ్లు తెలుగులో చెప్పండి, ప్లీజ్.

నెల్లూరు_రమణ | ఆదివారం, రాత్రి 10:05

అమ్మా వాణీ, ముందు కంగారు పడకు. నేను రిటైరై మా అబ్బాయి దగ్గర హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో ఉంటున్నాను. నాదీ ఇదే అనుమానం. కోటి మందికి పైగా ఉన్న ఊరు. స్నానాల నీళ్లు, సబ్బు, ఫినాయిలు, వాననీళ్లు అన్నీ కలిసిపోయిన దాంట్లో ఒక వైరస్‌ను వెతకడమంటే సముద్రంలో కాకిరెట్ట కదా. ఎలా దొరుకుతుంది?

బీటీఎం_హాస్టల్ | ఆదివారం, రాత్రి 10:11

నాకూ తెలుసుకోవాలని ఉంది. ఫాలో అవుతున్నా.

గాజునాళిక | ఆదివారం, రాత్రి 11:30

వాణిగారూ, నేను ఇక్కడే ఒక ల్యాబ్‌లో ఇదే పని చేస్తున్నాను. మీ అపార్ట్‌మెంట్‌కు వచ్చినవాళ్లు మావాళ్లు కాదు గానీ పద్ధతి తెలుసు కాబట్టి చెబుతాను. శాంపిల్ తీసుకెళ్లడం, వైరస్ దొరకడం రెండూ ఒకటి కాదు. ఏదో దొరికిందని వాళ్లు మీ దగ్గరకు రాలేదు. ఏముందో చూడటానికి వచ్చారు. ఈ మాట ముందు మీ గ్రూపులో పెట్టండి.

రమణగారూ, కాకిరెట్ట మాట సరిగ్గా సరిపోయింది. పీసీఆర్, అంటే వైరస్ జన్యు ముక్కను ఎన్నో రెట్లు పెంచి చూపే పరీక్ష, ఉన్నది ఆ కాకిరెట్టను పట్టుకోవడానికే. రోగం సోకిన మనిషి విరేచనంలో చాలా రకాల వైరస్‌లు బయటికి వస్తాయి. రోటా, హెపటైటిస్ ఎ, నోరో, పోలియో వంటివి పేగులకు సంబంధించినవే. కోవిడ్ వైరస్ ఊపిరితిత్తులదని అనుకున్నాం గానీ అదీ విరేచనంలో వస్తుందని 2020 మొదట్లోనే తెలిసింది. సోకిన ప్రతివాళ్లలోనూ కాదు, చాలామందిలో. కొందరిలో జ్వరం మొదలుకాక ముందు నుంచే వస్తుంది. నెదర్లాండ్స్‌లో అమెర్స్‌ఫోర్ట్ అనే ఊళ్లో 2020 మార్చిలో ఇంకా కేసులు నమోదు కాకముందే మురుగులో దాని జాడ చూశారు.

ల్యాబ్‌కు సీసా వచ్చాక ఏం చేస్తామంటే, ముందు చెత్తా చెదారం తీసేస్తాం. తర్వాత పాలిథిలీన్ గ్లైకాల్ అనే పదార్థం, ఉప్పు కలిపి చల్లగా ఉంచుతాం. పాలల్లో నిమ్మరసం పిండితే విరిగి ముద్ద కట్టినట్టు, ఇందులో వైరస్‌లు ఒకచోట చేరతాయి. సెంట్రిఫ్యూజ్‌లో గిరగిరా తిప్పితే ట్యూబు అడుగున చిన్న మరక మిగులుతుంది. అంత నీటిలో మాకు కావలసింది ఆ మరకే. అందులోంచి వైరస్ జన్యు పదార్థమైన ఆర్‌ఎన్‌ఏ తీసి పీసీఆర్ మెషీన్‌లో పెడతాం. వెతుకుతున్న ముక్క ఉంటే ప్రతి సైకిల్‌కూ రెట్టింపవుతుంది. ఎన్నో సైకిల్‌లో కనబడిందన్నదే సీటీ విలువ. మూడు, మూడున్నర సైకిళ్లు ముందుగా కనబడితే అసలు శాంపిల్‌లో దాదాపు పది రెట్లు ఎక్కువ ఉన్నట్టు లెక్క.

వానకు పల్చబడదా అని అడిగారు. తప్పకుండా పల్చబడుతుంది. అందుకే ఇంకో వైరస్‌ను కూడా కొలుస్తాం. మిరప మొక్కలకు తెగులు తెచ్చే పెప్పర్ మైల్డ్ మాటిల్ వైరస్ అని ఒకటి ఉంది. అది మనుషులకు ఏమీ చేయదు. మిరపకాయ తిన్న ప్రతివాళ్ల కడుపులోంచీ చెక్కుచెదరకుండా బయటికి వస్తుంది. శాంపిల్‌లో అది ఎంత ఉందో చూస్తే మనుషుల మలం ఎంత ఉందో, నీళ్లు ఎంత కలిశాయో అంచనా దొరుకుతుంది. మొదటిసారి మా గైడు ఈ సంగతి చెప్పినప్పుడు నాకు మా గుంటూరు మిర్చి యార్డు గుర్తొచ్చింది. రైతుకు నష్టం తెచ్చే తెగులు ఇక్కడ మాకు తూకపురాయి అవుతోంది.

రేపు ఇంకా రాస్తాను. పొద్దున్నే శాంపిళ్లు ఉన్నాయి.

నెల్లూరు_రమణ | సోమవారం, ఉదయం 6:20

చాలా సంతోషం తల్లీ. మనసు పెట్టి చదివాను. కానీ ఇంకో అనుమానం. మనకు తెలిసిన వైరస్ అయితే దాని ముక్క వెతుకుతారు, బాగుంది. రేపు అసలు ఎవరికీ తెలియని కొత్తది వస్తే?

డా_సరళ_పిల్లల_వైద్యురాలు | సోమవారం, మధ్యాహ్నం 1:50

వాణిగారూ, పాప ఉందన్నారు కాబట్టి నేను పోలియో సంగతి చెబుతాను. మన దేశంలో మురుగు పరీక్ష కోవిడ్‌తో మొదలవలేదు. ముంబైలో 2001 నుంచే పోలియో కోసం మురుగు పరీక్షిస్తున్నారు. తర్వాత ఢిల్లీ, పాట్నా, కోల్‌కతా వంటి ఊళ్లకు పెరిగింది. అసలు ఈ ఆలోచన ఇంకా పాతది. అమెరికాలో ట్రాస్క్, పాల్ అనే ఇద్దరు వైద్యులు 1939లో చార్ల్‌స్టన్‌లో పోలియో ప్రబలినప్పుడు మురుగు తెచ్చి కోతులకు ఎక్కించి చూశారు. అప్పటికి పీసీఆర్ లేదు కదా.

పోలియోకి మురుగు ఎందుకు చూడాలంటే, వైరస్ సోకిన 200 మందిలో సుమారు ఒక్కరికే కాళ్లు, చేతులు చచ్చుబడతాయి. మిగతా వాళ్లు ఆడుకుంటూనే, బడికి వెళ్తూనే వైరస్‌ను వదులుతుంటారు. చచ్చుబడిన కాలు కోసం ఎదురుచూస్తే అప్పటికే వందల మంది పిల్లలకు సోకి ఉంటుంది. మురుగులో వాళ్లందరి జాడా ఉంటుంది.

2016 జూన్‌లో నేను హైదరాబాద్‌లో పనిచేస్తున్నాను. అక్కడి మురుగు శాంపిల్‌లో టీకా నుంచి పుట్టిన టైప్ 2 పోలియో వైరస్ కనబడింది. చుక్కల మందులోని బలహీనపరిచిన వైరస్, టీకాలు సరిగా అందని చోట పిల్లల నుంచి పిల్లలకు పాకుతూ పోతే మళ్లీ బలం తెచ్చుకోవచ్చు. దాన్నే టీకా నుంచి పుట్టిన వైరస్ అంటారు. ఆ ఏడాది ఏప్రిల్‌లోనే దేశమంతా చుక్కల మందులోంచి టైప్ 2 తీసేశారు. అందుకే అంత కంగారు. ఒక్క పిల్లకూ పక్షవాతం రాలేదు. అయినా హైదరాబాద్, రంగారెడ్డి జిల్లాల్లో ఎంపిక చేసిన చోట్ల సుమారు 3 లక్షల మంది పిల్లలకు వారం రోజుల్లో ఇంజక్షన్ వేయాలని నిర్ణయించారు. మామూలు డోసులో అయిదో వంతు, 0.1 మిల్లీలీటరు, చర్మం పొరలో.

మా క్యాంపులో ఒక తల్లి నన్ను నిలదీసింది. "ఎవరికీ జబ్బు లేదంటున్నారు, మరి నా బిడ్డకు సూది ఎందుకు పొడుస్తున్నారు?" అంది. నా దగ్గర చూపించడానికి ఒక్క రోగి లేడు. "మీ బస్తీ కాలువ చెప్పిందమ్మా" అన్నాను. ఆమె ఒక్క క్షణం నన్ను చూసి, బిడ్డ చొక్కా చేయి పైకి మడిచింది. ఆ మడిచిన చేయి నాకు ఇప్పటికీ కళ్ల ముందే ఉంది. ఆ తల్లి నమ్మింది నన్ను కాదు, ఆ కాలువ దగ్గర సీసా పట్టిన మనిషిని.

ఇజ్రాయెల్‌లో 2013లో ఇలాగే మురుగులో అసలు పోలియో వైరసే కనబడితే ఎవరికీ పక్షవాతం రాకముందే పిల్లలకు చుక్కలు వేశారు. 2022లో లండన్‌లోనూ మురుగులో చూసే 1 నుంచి 9 ఏళ్ల పిల్లలకు అదనపు డోసు ఇచ్చారు. కాబట్టి మీ పాప టీకా కార్డు తీసి చూడండి. అన్నీ వేయించి ఉంటే మీ వంతు పని చేసినట్టే.

వర్తూరు_వాణి | సోమవారం, మధ్యాహ్నం 2:30

డాక్టర్‌గారూ, కార్డు చూశాను. అన్నీ వేయించాం. మీరు రాసింది చదివి కళ్లు చెమర్చాయి.

అనంతపురం_ఇంజనీర్ | సోమవారం, రాత్రి 8:15

నేను పదకొండేళ్లుగా ఎస్‌టీపీలు నడిపించే పనిలో ఉన్నాను. ల్యాబ్‌లో ఎంత జాగ్రత్తగా చేసినా శాంపిల్ ఎక్కడ, ఎప్పుడు పట్టారన్న దానిమీదే అంతా ఉంటుంది. వాణిగారూ, మీ దగ్గర ఏ ట్యాంకులోంచి పట్టారో ఆపరేటర్‌ను అడిగారా?

అపార్ట్‌మెంట్‌లో మురుగు మొదట జాలీ దాటి ఈక్వలైజేషన్ ట్యాంకులోకి వస్తుంది. అక్కడ కొన్ని గంటల నీళ్లు కలిసి ఉంటాయి. తర్వాత గాలి ఊదే ట్యాంకు (ఏరేషన్), తర్వాత మడ్డి తేరుకునే ట్యాంకు, ఫిల్టర్లు, చివరికి ఫ్లష్‌కు వెళ్లే ట్యాంకు. శాంపిల్ ఈక్వలైజేషన్ ట్యాంకులోంచి పట్టాలి. ఏరేషన్ దాటాక పడితే సగం కథ పోయినట్టే. నేరుగా పైపు దగ్గర ఒక్క మగ్గు పడితే ఆ నిమిషంలో ఎవరు ఫ్లష్ చేశారో వాళ్లదే వస్తుంది. ఏడింటికి వచ్చారంటే తెలిసినవాళ్లే. ఆరు నుంచి తొమ్మిది మధ్య ఇళ్లల్లో వాడకం ఎక్కువ. మధ్యాహ్నం పడితే బట్టలుతికిన నీళ్లే.

పెద్ద ప్లాంట్ల దగ్గర కొన్నిచోట్ల గంటగంటకూ కొంచెం కొంచెం పట్టి కలిపే మెషీన్ ఉంటుంది. లేకపోతే మనిషే రోజంతా నిలబడి పట్టాలి. శాంపిల్‌ను 4 డిగ్రీల దగ్గర ఉంచి తీసుకెళ్లాలి. మన సిల్క్ బోర్డు ట్రాఫిక్‌లో ఐస్ కరిగిపోకుండా ల్యాబ్‌కు చేర్చడం తక్కువ పని కాదు.

ఇంకో మాట. శాంపిల్ పట్టే కుర్రాళ్లను ఎవరూ తలుచుకోరు. ముక్కు మూసుకుని పక్కకు తప్పుకుంటారు. వాళ్లకు మంచి గ్లౌజులు, బూట్లు, హెపటైటిస్, టైఫాయిడ్ టీకాలు ఉన్నాయా అని అడిగేవాళ్లు కావాలి. మీ కమిటీలో ఎవరైనా ఈసారి వాళ్లకు చేతులు కడుక్కోవడానికి సబ్బు, తాగడానికి కాఫీ ఇవ్వండి.

బీటీఎం_హాస్టల్ | సోమవారం, రాత్రి 8:40

అన్నా, మా పీజీలో 90 మందిమి ఉంటాం. నీళ్లు ట్యాంకర్‌తో వస్తాయి. మా మురుగు ఎక్కడికి వెళ్తుంది? మమ్మల్ని ఎవరైనా లెక్కేస్తున్నారా?

అనంతపురం_ఇంజనీర్ | సోమవారం, రాత్రి 9:05

తమ్ముడూ, బెంగళూరు మిట్ట మీద ఉన్న ఊరు. నీళ్లు మూడు ప్రధాన లోయల వైపు దిగుతాయి: వృషభావతి, కోరమంగల-చల్లఘట్ట, హెబ్బాళ. మీ బీటీఎం మురుగు కోరమంగల-చల్లఘట్ట లోయలోకి వస్తుంది. పైపులో సవ్యంగా పోతే ప్లాంటుకు చేరుతుంది. పైపు పగిలిందా, రాజకాలువలో (వాననీటి పెద్ద కాలువలో) కలిసి బెళ్లందూరు చెరువు దారి పడుతుంది. 2015లో నురగ మీద మంటలు లేచిన చెరువు అదే.

కాబట్టి ప్లాంటుకు చేరితే నువ్వూ లెక్కలో ఉన్నట్టే. డాక్టర్ దగ్గరికి వెళ్లకుండా పారాసిటమాల్ మింగి డ్యూటీకి పోయే మీ హాస్టల్ కుర్రాళ్లు ఏ ఆస్పత్రి లెక్కలోనూ ఉండరు. ఇక్కడ ఉంటారు.

గాజునాళిక | సోమవారం, రాత్రి 11:10

ఇంజనీర్‌గారి చివరి మాట నాకు ఈ పనిలో అన్నిటికన్నా ముఖ్యం. 2020 ఆగస్టులో హైదరాబాద్‌లో సీసీఎంబీ, ఐఐసీటీ అనే పరిశోధన సంస్థల వాళ్లు మురుగు చూసి ఆ నెలరోజుల్లో సుమారు 6.6 లక్షల మందికి కోవిడ్ సోకి ఉండొచ్చని అంచనా వేశారు. అప్పటి అధికారిక కేసులకు ఎన్నో రెట్లు అది. టెస్టు చేయించుకోనివాళ్లు, చేయించుకోలేనివాళ్లు, జబ్బున్నట్టు తెలియనివాళ్లు అందరూ ఆ లెక్కలో కనబడ్డారు. అప్పట్లో సీసీఎంబీ డైరెక్టర్‌గా ఉన్న రాకేశ్ మిశ్రా తర్వాత బెంగళూరులోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఫర్ జెనెటిక్స్ అండ్ సొసైటీకి వచ్చారు. ఆ సంస్థవాళ్లు 2022లో ఇక్కడ 28 ఎస్‌టీపీల నుంచి శాంపిళ్లు తీసి ఊరి మొత్తం చిత్రం చూశారు.

రమణగారి ప్రశ్నకు వస్తాను. మీరన్నది నిజం. పీసీఆర్ మనం అడిగినదాన్నే చూపిస్తుంది, అడగనిది చూపించదు. తెలిసిన వైరస్‌లో కొత్త రకం వస్తే సీక్వెన్సింగ్‌లో, అంటే జన్యు అక్షరాలను వరసగా చదివి, పట్టొచ్చు. ఒమిక్రాన్ తర్వాత వచ్చిన రకాలను చాలా ఊళ్లు మురుగులో అలాగే గమనించాయి. ఒకే శాంపిల్‌లో పది రకాలు కలిసి ఉంటే ఏది ఎంత శాతమో విడదీసే ప్రోగ్రాములు ఉన్నాయి. పూర్తిగా కొత్త వైరస్ కోసమైతే శాంపిల్‌లో ఉన్న జన్యు పదార్థమంతా చదవాలి. దాన్ని మెటాజీనోమిక్స్ అంటారు. చదివితే వచ్చేదాంట్లో అధిక భాగం బ్యాక్టీరియా, వాటికి సోకే వైరస్‌లు, మొక్కల వైరస్‌లు. మనిషిని పట్టే కొత్తది అందులో ఏ మూలనో ఉంటుంది. దొరికినా అది జబ్బు తెస్తుందో లేదో మురుగు చెప్పదు. ఆ పనికి డాక్టర్లు, రోగులు, జంతువుల వైద్యులు కావాలి.

అపార్థమూ జరగొచ్చు. 2024లో అమెరికాలో టెక్సస్ ఊళ్ల మురుగులో హెచ్5 బర్డ్ ఫ్లూ జాడ కనబడింది. మనుషులకు పాకిందేమోనని చాలామంది అనుకున్నారు. అప్పుడు అక్కడి పాడి ఆవులకు ఆ వ్యాధి ఉంది. ఆవు పాలలో వైరస్ ఉంటుంది, పాల వ్యర్థాలు మురుగులో కలుస్తాయి. పక్షుల నుంచీ రావచ్చు. కాబట్టి మురుగు సైరన్ మోగిస్తే, ఎందుకు మోగిందో మనుషులే వెళ్లి చూడాలి.

అన్ని వైరస్‌లకూ ఇది పనికిరాదు కూడా. డెంగీకి మాకు విరేచనంలో అంత నమ్మకమైన జాడ దొరకదు. వర్షాకాలంలో మీ ఇంటిపక్క డెంగీ పెరుగుతోందా అంటే దోమలను, ఆస్పత్రి లెక్కలను చూడాల్సిందే.

మల్లేశ్వరం_సుధ | మంగళవారం, ఉదయం 10:30

అందరూ మంచి మాటలే చెబుతున్నారు. నాకు మాత్రం భయంగానే ఉంది, ఎందుకో చెబుతాను.

2020లో మా అత్తగారికి పాజిటివ్ వచ్చింది. మా ఫ్లాట్ తలుపుకు అడ్డంగా రేకులు కొట్టేశారు. లోపల నేను, ఎనిమిది నెలల బాబు, అత్తగారు. ఒకవేళ మంటలు లేస్తే ఎలా బయటపడాలో ఎవరూ ఆలోచించలేదు. మరుసటి రోజు తీసేశారు గానీ ఆ రాత్రి నాకింకా పోలేదు. ఏడాది దాకా లిఫ్టులో మాతో ఎవరూ ఎక్కలేదు. పాలవాడు సంచి గేటు దగ్గర పెట్టి వెళ్లిపోయేవాడు.

పెద్ద ప్లాంటులో లక్షల మంది కలిసిపోతారు, సరే. ఒక అపార్ట్‌మెంట్ ఎస్‌టీపీలో 240 ఇళ్లే. ఒక హాస్టల్‌లో 90 మందే. రేపు ఒక్కో బ్లాక్ పైపులోంచి పడతారు. అప్పుడు పేరు రాయకపోయినా అందరికీ తెలిసిపోదా? వాణిగారి ఇంట్లో పనిచేసే ఆమెకు ఇప్పటికే అదే జరిగింది కదా. ఫలితం రాకముందే.

గాజునాళిక | మంగళవారం, రాత్రి 10:45

సుధగారూ, మీ పోస్టు చదివి చాలాసేపు ఏం రాయాలో తోచలేదు. "అందరి నీళ్లూ కలిసిపోతాయి కాబట్టి ఎవరి పేరూ బయటికి రాదు" అని మేం ప్రతిచోటా చెబుతాం. పెద్ద ప్లాంటు విషయంలో అది నిజం. ఒక్క బిల్డింగ్ విషయంలో కాదు. మీరే కరెక్ట్.

2020 ఆగస్టులో అమెరికాలో అరిజోనా యూనివర్సిటీ ఒక హాస్టల్ మురుగులో కోవిడ్ చూసి అక్కడున్న 311 మందికి టెస్టులు చేసింది. లక్షణాలు లేని ఇద్దరు దొరికారు. వాళ్లను విడిగా ఉంచి మిగతావాళ్లను కాపాడారు. మేం దీన్ని గొప్ప విజయంగా చెప్పుకుంటాం. ఆ ఇద్దరు పిల్లలను మిగతా 309 మంది ఎలా చూశారని నేను ఎప్పుడూ అడగలేదు. ఇప్పుడు అడగాలనిపిస్తోంది.

నా అభిప్రాయం చెబుతాను. బిల్డింగ్ స్థాయిలో శాంపిల్ తీసేముందు అక్కడ ఉండేవాళ్లకు వాళ్ల భాషలో చెప్పాలి. ఫలితం వస్తే ఏం చేస్తారో, ఏం చేయరో ముందే రాసివ్వాలి. పత్రికలకు ఇచ్చే మ్యాపులో ప్రాంతం పేరు తప్ప బిల్డింగ్ పేరు ఉండకూడదు. వాణిగారూ, మీ దగ్గర పట్టినవాళ్లు కమిటీ సంతకం తీసుకునే ఉంటారు. ఆ కాగితం చూపించమని అడిగే హక్కు మీకుంది.

డా_సరళ_పిల్లల_వైద్యురాలు | మంగళవారం, రాత్రి 11:00

సుధగారూ, ఆ రాత్రి మీరు, మీ బాబు పడిన బాధకు నాకు చాలా బాధగా ఉంది. జబ్బు దాచుకునేలా చేసింది ఆ రేకులే. పరీక్ష చేయించుకోవడానికి జనం భయపడిపోయారు. మురుగు పరీక్ష మీద కూడా అదే భయం పడితే ఇక మనకు చూసే దారే ఉండదు.

నిర్వాహకుడు | బుధవారం, ఉదయం 8:00

ఒక పోస్టు తొలగించాను. అందులో ఒక ఫ్లాట్ నంబరు రాసి అక్కడివాళ్లకు జ్వరం అని ఉంది. దయచేసి ఎవరి ఇంటి వివరాలూ ఇక్కడ రాయకండి.

కోలారు_శీనప్ప | బుధవారం, రాత్రి 7:30

నేను కోలారు దగ్గర రైతును. మా తాతల నుంచీ ఇంట్లో తెలుగే, బయట కన్నడ. ఈ మాటలన్నీ నా మనవరాలు చదివి వినిపించింది. నాది వేరే సంగతి.

మీ కోరమంగల-చల్లఘట్ట నీళ్లు శుద్ధి చేసి 2018 నుంచి మా చెరువులకు పంపుతున్నారు. రోజుకు 44 కోట్ల లీటర్ల పథకం అన్నారు. ఎండిపోయి తుమ్మచెట్లు మొలిచిన చెరువులు నిండినాయి, బోర్లలో నీళ్లు పైకొచ్చినాయి. పదిహేనేళ్ల తర్వాత మా చెరువులో కొంగలు వాలితే చూసి ఏడ్చినాను. ఆ మేలు కాదనను. అయితే బెంగళూరులో వైరస్ ఉంటే అది మా చెరువుకు కూడా వస్తుందా? మా పశువులు ఆ నీళ్లే తాగుతాయి. టమాటాకు బోరు నీళ్లు పెడతాము. మా చెరువులో ఎవురూ సీసాతో నీళ్లు పట్టడం నేను చూడలేదు.

గాజునాళిక | బుధవారం, రాత్రి 11:20

శీనప్పగారూ, మీ ప్రశ్నకు జాగ్రత్తగా జవాబు చెప్పాలి. పీసీఆర్‌లో జాడ కనబడిందంటే అక్కడ బతికి ఉన్న వైరస్ ఉందని కాదు. విరిగిన ముక్క కూడా పీసీఆర్‌లో కనబడుతుంది. ఊరు దాటిన మనిషి అడుగుజాడ మట్టిలో మిగిలినట్టు. బతికి ఉందో లేదో తెలియాలంటే కణాల మీద పెంచి చూడాలి. పోలియో శాంపిళ్లకు అలా పెంచే చూస్తారు. కోవిడ్ వంటి, పైన కొవ్వు పొర ఉన్న వైరస్‌లు మురుగులో తొందరగా చచ్చిపోతాయి. దాని గురించి మీకు దిగులు వద్దు.

కానీ కొవ్వు పొర లేనివి గట్టివి. హెపటైటిస్ ఎ, నోరో, రోటా లాంటివి. మామూలు శుద్ధిలో చాలావరకు తగ్గుతాయి, పూర్తిగా పోవు. నీళ్లు చెరువులో నిలిచి, ఎండ తగిలి, మట్టిలో ఇంకి బోరుకు చేరేలోపు ఇంకా తగ్గుతాయి. అయినా ఇంట్లో తాగే నీళ్లు కాచుకోండి. చెరువు నీళ్లు నేరుగా ఆకుకూరలకు, పచ్చిగా తినేవాటికి పెట్టకండి. ఆ పథకం ఉద్దేశం కూడా భూగర్భజలం పెంచడమే, నేరుగా పొలానికి పారించడం కాదు.

మీ చెరువులో ఎవరూ పట్టడం లేదన్న మాట నేను మా గైడుకు చూపిస్తాను. నగరం మురుగు ఎక్కడ ఆగుతుందో అక్కడిదాకా చూడకపోతే మేం సగం పనే చేస్తున్నట్టు.

నెల్లూరు_రమణ | గురువారం, ఉదయం 6:10

శీనప్పా, మీ కొంగల మాట మా ఆవిడకు చదివి వినిపించాను.

గాజునాళిక తల్లీ, నా అనుమానాలు చాలావరకు తీరాయి. అయితే ఒకటి మిగిలింది. 2025 జనవరిలో ఇక్కడ ఇద్దరు పసిపిల్లల్లో హెచ్‌ఎంపీవీ అనే జలుబు, దగ్గు తెచ్చే వైరస్ కనబడిందని టీవీలు రెండు రోజులు ఊపేశాయి. ఆ వైరస్‌ను 2001లోనే కనుక్కున్నారని, ఎప్పటినుంచో మన మధ్యనే తిరుగుతోందని తర్వాత చెప్పారు. మా కోడలు ఆ రెండు రోజులూ మనవణ్ణి బడికి పంపలేదు. ఇప్పుడు ఐసీఎంఆర్ 50 నగరాల్లో 10 వైరస్‌లకు మురుగు చూస్తామని 2025లో ప్రకటించింది కదా. వారం వారం అంకెలు బయటపెడితే రోజూ ఒక టీవీ గోల అవుతుందా, జనం అలవాటు పడి సర్దుకుంటారా?

డా_సరళ_పిల్లల_వైద్యురాలు | గురువారం, మధ్యాహ్నం 1:20

రమణగారూ, అలవాటు పడతారనే నా నమ్మకం. వాతావరణ సూచన చూసి గొడుగు తీసుకెళ్లినట్టు. "ఈ వారం మీ వైపు నోరో పెరిగింది" అని తెలిస్తే నేను వాంతులు, విరేచనాలతో వచ్చే పిల్లలకు ఓఆర్‌ఎస్ ముందే సిద్ధం చేసుకుంటాను. స్వీడన్‌లో గోథెన్‌బర్గ్‌లో 2013లో మురుగు చూసినప్పుడు ఆస్పత్రుల్లో నోరో కేసులు బాగా పెరగడానికి ముందే అక్కడ అది పెరగడం కనబడింది. నాకు ఒక్క వారం ముందు తెలిసినా చాలు. ఏడాదిలోపు పిల్లల్లో ఒక్క రాత్రి ఆలస్యమైతే నీళ్లు ఎండిపోయి కళ్లు లోతుకు పోతాయి.

హెచ్‌ఎంపీవీ అప్పుడు గోల ఎందుకైందంటే ముందు అంకె ఏమీ లేదు. ప్రతి చలికాలం ఎంత ఉంటుందో తెలిసి ఉంటే ఆ ఇద్దరు పిల్లలు వార్త అయ్యేవాళ్లు కాదు.

అనంతపురం_ఇంజనీర్ | గురువారం, రాత్రి 9:30

నాకు ఒక బాధ ఉంది, చెప్పకుండా ఉండలేను. ఇంత మాట్లాడుకున్నాం గానీ ఇదంతా పైపు ఉన్నవాళ్ల సంగతే.

2007లో చుట్టుపక్కల 110 ఊళ్లను బెంగళూరులో కలిపారు. వర్తూరు వైపు అలా కలిసినవి చాలా ఉన్నాయి. ఇళ్లు ముందు వచ్చాయి, డ్రైనేజీ పైపు ఎన్నో ఏళ్ల తర్వాత. ఇప్పటికీ గుంతలే ఉన్న వీధులు నాకు తెలుసు. గుంత నిండితే ట్యాంకర్ వచ్చి పీల్చుకుని పోతుంది. అది ఎస్‌టీపీకి పోతే మంచిదే. పొలంలోకో, రాజకాలువలోకో వదిలిన ట్యాంకర్లను నా కళ్లతో చూశాను. ఎస్‌టీపీ దగ్గర ఎన్ని సీసాలు పట్టినా ఆ ఇళ్ల వాళ్లు అందులో ఉండరు. ఒక గదిలో ఆరుగురు పడుకునేవాళ్లు, టీకాలు అందకుండా ఊరూరా తిరిగేవాళ్లు వాళ్లే. కొత్త జబ్బు ముందు తలుపు తట్టేది అక్కడే.

వాణిగారూ, మీ ఇంట్లో పనిచేసే ఆమెది మీ గేటు వెనక రేకుల షెడ్డు అన్నారు. వాళ్లకు డ్రైనేజీ ఉందా?

వర్తూరు_వాణి | శుక్రవారం, రాత్రి 10:20

ఆలస్యానికి క్షమించండి. ఈ రెండు రోజులు తిరుగుతూనే ఉన్నాను.

సుధగారి మాట పట్టుకుని కమిటీలో కాగితం అడిగాను. సంతకం చేసింది నిజమే. అందులో బిల్డింగ్ పేరు బయటపెట్టబోమని ఉంది. ఆ ముక్క ఫొటో తీసి, గాజునాళికగారు రాసిన మొదటి పేరా దానికింద పెట్టి గ్రూపులో వేశాను. ఆపరేటర్‌ను అడిగితే ఈక్వలైజేషన్ ట్యాంకులోంచే పట్టారన్నాడు. ఫలితం వస్తే మా నోటీసు బోర్డులో కన్నడ, తెలుగు, హిందీ, ఇంగ్లిష్‌లలో పెట్టాలని కమిటీ ఒప్పుకుంది. రెండు ఇళ్లలో ఒకరు ఆమెను మళ్లీ పిలిచారు. ఇంకొకరు పిలవలేదు. వాళ్లతో నేనే మాట్లాడబోతున్నాను.

ఇంజనీర్‌గారూ, మీ ప్రశ్న చదివాక ఈ సాయంత్రం మొదటిసారి ఆ షెడ్ల వైపు వెళ్లాను. నాలుగేళ్లుగా మా బాల్కనీలోంచి కనబడుతూనే ఉన్నాయి. 38 ఇళ్లు. రెండు మరుగుదొడ్లు. పైపు లేదు, గుంతే. ఆమె చిన్న పిల్లవాడికి రెండేళ్లు. టీకా కార్డు కదిరిలోనే ఉండిపోయిందట, ఏవి వేశారో ఏవి వేయలేదో వాళ్లకు తెలియదు. డాక్టర్‌గారూ, కార్డు లేకపోతే ఎక్కడికి తీసుకెళ్లాలి?

డా_సరళ_పిల్లల_వైద్యురాలు | శుక్రవారం, రాత్రి 10:35

దగ్గర్లో ఉన్న ప్రభుత్వ ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్లండి. టీకాలు ఉచితం, కార్డు లేదని వెనక్కి పంపకూడదు. తల్లిని అడిగి, వయసును బట్టి మిగిలినవి వేస్తారు. ఒకటి రెండోసారి పడినా ప్రమాదం లేదు. అక్కడ ఇంకెంతమంది పిల్లలున్నారో కూడా లెక్క రాసుకోండి. ఆశా కార్యకర్తకు చెబితే అందరికీ ఒకే రోజు పెట్టొచ్చు.

గాజునాళిక | శుక్రవారం, రాత్రి 11:05

వాణిగారూ, ఆ గుంతలోంచి ఒక శాంపిల్ తీసే వీలుందేమో మా గైడును అడుగుతాను. ముందు అక్కడివాళ్లు ఒప్పుకోవాలి. ఎందుకో మనమే వెళ్లి తెలుగులో చెప్పాలి. నేను వస్తాను.

అనంతపురం_ఇంజనీర్ | శుక్రవారం, రాత్రి 11:15

ఆ గుంత ఎత్తే ట్యాంకర్ ఏ రోజు వస్తుందో, దాని రంగేమిటో కనుక్కోండి. అది ఎక్కడ ఖాళీ చేస్తోందో నేను చూసుకుంటాను.

వర్తూరు_వాణి | శనివారం, ఉదయం 7:50

బుధవారం, శనివారం వస్తుందట. నీలం రంగు. ఇప్పుడే వచ్చింది, గేటు దగ్గరే ఉంది.